శ్రీశైలం టర్బైన్లు ఊరికే తిరగడం లేదు

జలవిద్యుత్తు గురించి మన నంద్యాల జిల్లాలోనే కాదు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాతుకుపోయిన మాట ఒకటుంది. బొగ్గు కొనే పని లేదు, పొగ లేదు, బూడిద లేదు, పైన నీళ్లుంటే కింద కరెంటు పుడుతుంది, ఖర్చు లేని కరెంటు అని. టీ అంగడి దగ్గర వినిపించేది ఇదే, టీవీ చర్చల్లో వినిపించేదీ ఇదే. దీని వెనకాలే ఇంకో రెండు మాటలు నడుస్తాయి. టర్బైన్ అంటే నీటి దెబ్బకు తిరిగే చక్రమే కదా, అందులో పాడయ్యేది ఏముంది అన్నది ఒకటి. ఏడాదిలో నాలుగైదు నెలలు తిరిగే యంత్రానికి అరుగుదల ఎక్కడిది, మిగతా నెలలు అక్కడి ఉద్యోగులు ఏం చేస్తారు అన్నది రెండోది.

ఈ మూడూ తప్పే. తెలియక అన్న మాటలైతే వదిలేయవచ్చు. కానీ చదువుకున్నవాళ్లు, పాలించేవాళ్లు కూడా వీటిని నమ్ముతున్నారు. నమ్మినప్పుడు మొదట కోత పడేది మరమ్మతుల పద్దుకు, తర్వాత మనుషుల సంఖ్యకు, ఆ తర్వాత జాగ్రత్తకు. శ్రీశైలం మన గడప ముందే ఉంది. తెలుగుగంగ, ఎస్సార్బీసీ కింద ఆళ్లగడ్డ, బనగానపల్లె పొలాలు తడిసేది ఆ జలాశయం నీటితోనే. మన పక్కనే తిరుగుతున్న యంత్రాలను ఇంత తేలిగ్గా చూడటం నాకు సహించలేని విషయం. అందుకే ఈ వ్యాసం.

యంత్రం సంగతి ముందు. శ్రీశైలం ఆనకట్టకు రెండు గట్లనా రెండు కేంద్రాలున్నాయి. కుడిగట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఏడు. మొదటిది 1982లో తిరిగింది, 1987 నాటికి ఏడూ వచ్చాయి. ఎడమగట్టున కొండ లోపల 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, 2001 నుంచి 2003 లోపు ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. కుడిది ఆంధ్రప్రదేశ్ జెన్‌కో చూస్తుంది, ఎడమది తెలంగాణ జెన్‌కో. రెండూ కలిపి 1670 మెగావాట్లు. రెండుచోట్లా ఉన్నవి ఫ్రాన్సిస్ రకం టర్బైన్లు. అమెరికాలోని లోవెల్ పట్టణంలో జేమ్స్ ఫ్రాన్సిస్ అనే ఇంజనీరు 1840ల చివర్లో తీర్చిదిద్దిన పద్ధతి అది.

నీటి దెబ్బకు తిరిగే చక్రం అనే మాట ఇక్కడే వీగిపోతుంది. ఫ్రాన్సిస్ టర్బైన్‌లో నీరు రెక్కలను కొట్టదు. జలాశయం నుంచి పెన్‌స్టాక్ అనే పెద్ద ఉక్కు గొట్టంలో దిగిన నీరు, యంత్రం చుట్టూ తిరుగుతూ పోనుపోను సన్నబడే స్పైరల్ కేసింగ్‌లోకి వస్తుంది. అక్కడి నుంచి గైడ్ వేన్ల మధ్యగా, నిర్ణయించిన కోణంలో, సుడి తిరుగుతూ రన్నర్‌లోకి దిగుతుంది. రన్నర్ పూర్తిగా నీటిలో మునిగే ఉంటుంది. వంపు తిరిగిన దాని రెక్కల మధ్య నుంచి పోతూ నీరు తన ఒత్తిడినీ, సుడినీ రన్నర్‌కు అప్పగించి, కింద డ్రాఫ్ట్ ట్యూబ్‌లోకి జారి నదిలో కలుస్తుంది. ఆ కిందికి జారే దారి కూడా పనిలో భాగమే. డ్రాఫ్ట్ ట్యూబ్ పోనుపోను వెడల్పవుతుంది, దాని వల్ల రన్నర్ కింద ఒత్తిడి తగ్గి నీటిని కిందికి లాగుతుంది. పైనుంచి తోయడం, కిందనుంచి లాగడం, రెండూ కలిస్తేనే నూటికి తొంభై పాళ్లకు పైగా శక్తి షాఫ్ట్‌కు చేరుతుంది.

ఆ లాగడంలోనే యంత్రానికి శత్రువు పుడుతుంది. దాని గురించి చెప్పేముందు లెక్క ఒకటి చూద్దాం. ఎగువకూ దిగువకూ మధ్య 80 మీటర్ల తేడా అనుకుంటే, 110 మెగావాట్లు పుట్టించడానికి ఒక్క యూనిట్ గుండా సెకనుకు దాదాపు 155 ఘనపు మీటర్ల నీరు పోవాలి. అంటే 5,500 క్యూసెక్కులు. ఒక్క యూనిట్ రెండు రోజుల్లో ఒక టీఎంసీ నీటిని తాగుతుంది. అంత నీరు పోతున్నా యంత్రం వేగం మారకూడదు. మన గ్రిడ్ 50 హెర్ట్జ్‌లో నడుస్తుంది కాబట్టి జనరేటర్ రోటర్ ధ్రువాల సంఖ్యను బట్టి వేగం ముందే ఖాయమవుతుంది. ఉదాహరణకు 28 ధ్రువాలున్న రోటర్ నిమిషానికి 214 సార్లు తిరగాలి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ పని గవర్నర్‌ది. ఒత్తిడిలో నిలవ ఉంచిన నూనెతో అది గైడ్ వేన్లను అటూ ఇటూ కదుపుతూ ఉంటుంది. లైను ఉన్నట్టుండి తెగి లోడు పోయిందనుకోండి, ఆ నీటి బలమంతా తిప్పడానికే దొరికి వేగం పెరిగిపోతుంది. అదుపు తప్పితే ఒకటిన్నర రెట్లు దాటి పోగలదు. అప్పుడు వేన్లు వెంటనే మూయాలి, అయితే మరీ గబుక్కున మూస్తే పరుగు మీదున్న నీరు ఆగిన దెబ్బ పెన్‌స్టాక్ మీద పడి గొట్టమే పగలవచ్చు. ఎన్ని సెకన్లలో మూయాలో లెక్క వేసి పెడతారు. ఆ లెక్క తప్పకుండా ఉండాలంటే నూనె శుభ్రంగా ఉండాలి, వాల్వులు బిగుసుకోకుండా ఉండాలి, నూనె ఒత్తిడి తగ్గితే చెప్పే మీటరు నిజం చెప్పాలి. ఇంధనం లేదు నిజమే. కాపలా లేకుండా మాత్రం ఒక్క సెకను కూడా నడవదు.

ఇప్పుడు శత్రువు దగ్గరికి. రన్నర్ కింద ఒత్తిడి తగ్గుతుందని చెప్పాను. మరీ తగ్గితే నీరు మామూలు చల్లదనంలోనే ఆవిరై బుడగలు కడుతుంది. ఆ బుడగలు కాస్త ఒత్తిడి ఉన్న చోటికి రాగానే చితికిపోతాయి. చితికే చోట పుట్టే దెబ్బ ఎంత చిన్న చోట పడుతుందో అంత తీవ్రంగా ఉంటుంది. అలాంటి దెబ్బలు రోజూ లక్షల్లో పడి స్టెయిన్‌లెస్ స్టీలు రెక్కను చెదపురుగు తిన్న కొయ్యలా గుల్ల చేస్తాయి. దీన్ని కేవిటేషన్ అంటారు. బయట నిలబడితే గులకరాళ్లు దొర్లుతున్నట్టు వినబడుతుంది. ఎండాకాలంలో డ్రాఫ్ట్ ట్యూబ్ ఖాళీ చేసి, మనిషి లోపలికి దిగి, గుంట పడిన చోటల్లా చెక్కి, వెల్డింగుతో నింపి, మళ్లీ అసలు వంపు వచ్చేదాకా సానపెట్టాలి. వంపు కాస్త తేడా వచ్చినా అక్కడే మళ్లీ బుడగలు పుడతాయి. నాలుగైదు నెలలే తిరుగుతుంది, మిగతా నెలలు ఏం చేస్తారు అని అడిగేవాళ్లకు ఈ ఒక్క పని చూపిస్తే చాలు.

కేవిటేషన్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. యంత్రాన్ని దాని ఇష్టమైన పరిధిలో నడిపితే తక్కువ, ఆ పరిధి దాటితే ఎక్కువ. పూర్తి సామర్థ్యంలో సగానికి అటూఇటూగా నడిపినప్పుడు రన్నర్ కింద నీరు తాడులా పేనుకుని సుడి తిరుగుతుంది, ఆ సుడి తిరిగినప్పుడల్లా యంత్రమంతా ఊగుతుంది. టర్బైన్ తయారు చేసినవాళ్లు ఇచ్చే పటంలో ఈ గరుకు పరిధి గీసి ఉంటుంది. దాని గుండా త్వరగా దాటిపోవాలి, అందులో నిలబడకూడదు.

నిలబడితే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క పేరు చాలు. రష్యాలో యెనిసే నది మీద సయానో-షుషెన్‌స్కాయా కేంద్రం ఉంది. పది యూనిట్లు, 6400 మెగావాట్లు, అన్నీ ఫ్రాన్సిస్ టర్బైన్లే. 2009 ఆగస్టు 17 ఉదయం రెండో యూనిట్ పైమూత బోల్టులు తెగాయి. వందల టన్నుల రోటర్, షాఫ్ట్, మూతతో సహా పైకి లేచిపోయింది, యంత్రశాల మునిగింది, 75 మంది చనిపోయారు. విచారణలో దొరికిన 49 బోల్టుల్లో 41టిలో అలసటతో వచ్చిన పగుళ్లు కనబడ్డాయి. ఆ యూనిట్ ఊగడం అంతకుముందు రోజుల్లోనే హద్దు దాటింది. గ్రిడ్ అవసరం కోసం దాన్ని గరుకు పరిధి గుండా పదేపదే పైకీ కిందికీ నడిపారు. నీరు ఉచితమే అక్కడ కూడా.

ఇక్కడ శ్రీశైలం నీటిమట్టం గొడవను ప్రస్తావించక తప్పదు. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. మన కాలువలకు నీరు తీసుకునే పోతిరెడ్డిపాడుకు సరిగా నీరు ఎక్కాలంటే 854 అడుగుల పైన ఉండాలని మన వైపు వాదన. 834 అడుగుల దాకా దింపి కరెంటు తీయవచ్చని మరో వాదన. 2021 జూన్, జూలైల్లో ఈ గొడవ పోలీసులను కాపలా పెట్టుకునేదాకా వెళ్లింది. రెండు రాష్ట్రాల నాయకులూ రోజుల తరబడి మాట్లాడారు. నీటి వాటా గురించి మాట్లాడారు, హక్కుల గురించి మాట్లాడారు. టర్బైన్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

కింద నాగార్జునసాగర్ 590 అడుగులతో నిండుగా ఉండి, పైన శ్రీశైలం 885తో నిండుగా ఉంటే తేడా 295 అడుగులు, దాదాపు 90 మీటర్లు. శ్రీశైలం 834కు దిగితే తేడా 244 అడుగులు, 74 మీటర్ల చిల్లర. ఎత్తు తగ్గితే ఒత్తిడితో పాటు అదే తెరుపులో పోయే నీరు కూడా తగ్గుతుంది. అందువల్ల గైడ్ వేన్లు అంతే తెరిచినా ఉత్పత్తి దాదాపు నాలుగో వంతు పడిపోతుంది. అదే కరెంటు కావాలంటే అంతకంత ఎక్కువ నీరు వదలాలి. పైగా రెక్కల వంపు ఒక ఎత్తుకు లెక్క వేసి పోసింది. ఎత్తు మారితే నీరు రెక్క అంచును వేరే కోణంలో తాకుతుంది, బుడగలు కొత్త చోట పుడతాయి. కింది మట్టంలో నడపనే కూడదని నేను అనడం లేదు. నడిపే ప్రతి గంటకూ ఒక వెల ఉంది, ఆ వెలను నీటి లెక్కలో గానీ, కరెంటు లెక్కలో గానీ ఎవరూ వేయడం లేదు అంటున్నాను. యంత్రాన్ని రాజకీయ నాయకుడి చేతిలో స్విచ్‌గా చూడటం రెండు రాష్ట్రాలూ సమానంగా చేస్తున్న తప్పు.

పూడిక మాటా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లు యంత్రాలకు హాని అనగానే బురద అంటారు. శ్రీశైలం నిలవ సామర్థ్యం మొదట 308 టీఎంసీలు, ఇప్పుడు లెక్కకు వచ్చేది 215.81. ఇంత పూడిక పడింది కాబట్టి టర్బైన్లు ఇసుకతో అరిగిపోతున్నాయని అనుకోవడం సహజం. హిమాలయ నదుల మీద నిజంగానే అలా జరుగుతుంది. సట్లెజ్ మీది నాథ్పా ఝాక్రీలో నీటిలో బురద హద్దు దాటితే కేంద్రాన్నే ఆపేస్తారు. శ్రీశైలంలో ముతక ఇసుక చాలావరకు జలాశయం ఎగువ కొసలోనే దిగబడిపోతుంది, యంత్రం దాకా వచ్చేది సన్న మట్టి. కాబట్టి మన యంత్రాలకు ముందుగా చూడవలసిన జబ్బు బురద కాదు. ఎత్తు మారుతూ, లోడు మారుతూ నడవడం, ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం, ఇవే అసలు జబ్బులు.

తిరిగే యంత్రం అరగదు అనే నమ్మకం ఒక్క మనదే కాదు, ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలు కూడా దాని ఖరీదు చెల్లించాయి. ముందుకూ వెనక్కూ కొట్టుకునే పిస్టన్ బదులు మూడు మూలల రోటర్ గుండ్రంగా తిరిగే ఇంజను ఒకటుంది. జర్మన్ ఇంజనీరు ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన అది. 1957లో మొదటి నమూనా తిరిగింది. దెబ్బ లేదు, అదురు లేదు, భాగాలు తక్కువ, ఇక కారు ఇంజను బెడదే తీరిందని చాలామంది అనుకున్నారు. ఎన్ఎస్‌యూ అనే జర్మన్ కంపెనీ 1967లో ఆ ఇంజనుతో రో 80 అనే కారు తెచ్చింది. రోటర్ మూలల్లో ఉండే సన్నని సీళ్లు త్వరగా పాడై ఇంజన్లు వాపసు వచ్చాయి, ఉచితంగా మార్చి ఇచ్చీ ఇచ్చీ కంపెనీ చితికింది, 1969లో ఫోక్స్‌వ్యాగన్ గుంపులో కలిసిపోయింది. జపాన్‌లో మజ్దా అదే ఇంజను మీద పట్టుదలగా పనిచేసింది. సీలు దేనితో చేయాలి, దానికి నూనె ఎలా అందించాలి అనే దాని మీద ఏళ్ల తరబడి కూర్చుంది. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. ఇంజను సూత్రం రెండుచోట్లా ఒకటే. అరుగుదల పిస్టన్‌ను వదిలి సీలు దగ్గరికి చేరిందని ఒకరు చాలా ఆలస్యంగా గ్రహించారు, ఇంకొకరు దాన్నే పనిగా పెట్టుకున్నారు.

టర్బైన్‌లో ఆ అరుగుదల చేరే చోట్లు బేరింగులు, షాఫ్ట్ సీలు, గైడ్ వేన్ల బుష్‌లు, స్లిప్ రింగుల మీద నడిచే కార్బన్ బ్రష్‌లు. అన్నిటికంటే ముఖ్యం థ్రస్ట్ బేరింగ్. రోటర్, షాఫ్ట్, రన్నర్, వాటి మీద పడే నీటి ఒత్తిడి, అన్నీ కలిపి వందల టన్నుల బరువు ఆ ఒక్క బేరింగ్ మీదే ఉంటుంది. మెత్తని తెల్లలోహం పూసిన ప్యాడ్లు వృత్తంలో పేర్చి ఉంటాయి. యంత్రం తిరుగుతున్నప్పుడు ఆ ప్యాడ్లకూ, పైన తిరిగే పళ్లేనికీ మధ్యకు నూనె తనంతట తానే దూరి పలుచని పొర కడుతుంది. ఆ పొర మందం ఒక మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. వందల టన్నులు ఆ పొర మీద తేలుతాయి. తేలినంత కాలం లోహం లోహాన్ని తాకదు, అరగదు. అమెరికాలో సస్క్వెహానా నది మీద హోల్ట్‌వుడ్ కేంద్రంలో ఆల్బర్ట్ కింగ్స్‌బరీ 1912లో పెట్టిన బేరింగ్ దశాబ్దాల తరబడి దాదాపు చెక్కుచెదరకుండా పనిచేసింది.

దీన్ని చూపించి, చూశారా అరగలేదు కదా అని వాదిస్తే సగమే చెప్పినట్టు. ఆ పొర తిరుగుతున్నప్పుడే ఉంటుంది. యంత్రం ఆగితే బరువు నెమ్మదిగా నూనెను బయటికి నొక్కేస్తుంది, లోహం మీద లోహం కూర్చుంటుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదటి కొన్ని చుట్లు రాపిడితోనే గడుస్తాయి. అందుకే మొదలుపెట్టే ముందు పంపుతో ఒత్తిడి నూనె ఎక్కించి రోటర్‌ను వెంట్రుకవాసి పైకి లేపుతారు. ఆపేటప్పుడు వేగం కొంత తగ్గగానే బ్రేకులు వేసి త్వరగా నిలబెడతారు, మెల్లగా ఆగుతూ రాసుకోకుండా. గైడ్ వేన్ల మధ్య సందులు పెరిగి నీరు కారుతుంటే ఆపిన యంత్రం కూడా మెల్లమెల్లగా పాకుతుంది, అలా పాకడం బేరింగ్‌కు విషం. అంటే నాలుగు నెలలే తిరుగుతుంది కాబట్టి అరగదు అనేదానికి నిజం సరిగ్గా ఎదురుగా ఉంది. నెలల తరబడి ఆగకుండా తిరిగే యంత్రం సుఖంగా ఉంటుంది. ఉదయం లేపి, మధ్యాహ్నం ఆపి, సాయంత్రం డిమాండ్ పెరిగిందని మళ్లీ లేపే యంత్రం ఎక్కువ నలుగుతుంది. సోలార్ కరెంటు పెరిగిన ఈ రోజుల్లో మన జలవిద్యుత్ కేంద్రాలు చేస్తున్న పని సరిగ్గా ఇదే.

ఆగి ఉన్న నెలల్లో జనరేటర్‌కు ఇంకో ముప్పు ఉంది. స్టేటర్ తీగల మీది ఇన్సులేషన్ గాలిలోని చెమ్మను పీలుస్తుంది. కొండ లోపలి గుహలో చెమ్మకు కొదవ లేదు. ఆ స్థితిలో కరెంటు పుట్టిస్తే తీగల మధ్య మెరుపు దూకి వైండింగ్ కాలిపోతుంది. అందుకని ఆగిన యంత్రానికి లోపల హీటర్లు వెలిగించి వెచ్చగా ఉంచుతారు, మళ్లీ తిప్పే ముందు మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలుస్తారు. వర్షాకాలంలో నాని, మెగ్గర్ చూడకుండా స్విచ్ వేస్తే బోరు మోటారు ఏమవుతుందో ఆళ్లగడ్డ రైతుకు ఒకరు చెప్పనవసరం లేదు. నంద్యాల వైండింగు షాపుల ముందు వరుస కట్టిన మోటార్లే చెబుతాయి. ఆ రైతు తన ఐదు హార్స్ పవర్ మోటారు గురించి పడే ఆరాటం, 110 మెగావాట్ల యంత్రం గురించి ప్రభుత్వం నుంచి ఆశించడం అత్యాశ కాదు.

ఎడమగట్టు యూనిట్ల సంగతి ఇంకా లోతైనది. అవి రెండు వైపులా తిరుగుతాయి. ఒకవైపు తిరిగితే కరెంటు పుట్టిస్తాయి, ఇంకోవైపు తిరిగితే కింది నీటిని పైకి తోడి జలాశయంలో పోస్తాయి. నాగార్జునసాగర్‌లోనూ ఏడు యూనిట్లు ఇలాంటివే. చౌక కరెంటు ఉన్న వేళ నీటిని తోడి, ఖరీదైన వేళ వాడుకోవచ్చు. నాలుగు యూనిట్లు పెట్టి తోడితే మూడు యూనిట్ల చొప్పున తిరిగి వస్తుంది. మంచి ఏర్పాటే. అయితే వెనక్కి తిప్పితే పంపు, అంతే కదా అనే తేలిక మాట దీని చుట్టూ కూడా పుట్టింది. నీటిలో మునిగిన అంత పెద్ద రన్నర్‌ను ఒక్కసారిగా మోటారులా లేపలేరు. మామూలుగా ముందు కంప్రెసర్ గాలితో రన్నర్ చుట్టూ నీటిని కిందికి నెట్టి, గాలిలో దాన్ని వేగానికి తెచ్చి, గ్రిడ్‌తో కలిపి, తర్వాత గాలి వదిలి నీటిని లోపలికి రానిచ్చి, అప్పుడు వేన్లు తెరుస్తారు. పంపుగా తిరిగేటప్పుడు కేవిటేషన్ భయం మరీ ఎక్కువ, అందుకే ఇలాంటి యంత్రాలను దిగువ నీటిమట్టానికి చాలా కింద కూర్చోబెడతారు. అంత కింద కూర్చోబెట్టాక ఊట నీటిని తోడే డ్రైనేజీ పంపులు ఆగకూడదు. అవి ఆగితే టర్బైన్ హాలే మునుగుతుంది. రెండు వైపులా తిరిగే యంత్రానికి కాపలా కూడా రెండింతలు కావాలి.

ఈ మాట మన జిల్లాకు ఇప్పుడు మరీ ముఖ్యం. కర్నూలు, నంద్యాల జిల్లాల సరిహద్దులో పిన్నాపురం దగ్గర 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ వచ్చింది. మన కొండల మీద ఇంకా వస్తాయంటున్నారు. రోజుకు ఎన్నిసార్లు దిశ మార్చితే అంత లాభం అనే లెక్కతో నడిచే కేంద్రాలు ఇవి. మన పిల్లలు వీటిలో ఉద్యోగాలకు పోతారు. వాళ్లు భూమి లోపల పనిచేయబోతున్నారు. కాబట్టి 2020 ఆగస్టు 20 రాత్రి గురించి మాట్లాడాలి.

ఆ రాత్రి ఎడమగట్టు కేంద్రంలో, వరద కాలంలో, బ్యాటరీలు మార్చే పని నడుస్తుండగా మంటలు పుట్టాయి. తొమ్మిది మంది చనిపోయారు. ఏడుగురు జెన్‌కో వాళ్లు, ఇద్దరు బ్యాటరీల పని మీద బయటి సంస్థ నుంచి వచ్చినవాళ్లు. దట్టమైన పొగ కమ్మిన కొండ లోపలి నుంచి బయటికి రాలేక చనిపోయారు. ప్రభుత్వం సీఐడీ విచారణ వేసింది. ఒకటి, రెండు యూనిట్లు ఆ అక్టోబరులో మళ్లీ తిరిగాయి, మిగతావి నిలబడటానికి ఇంకా ఎంతో కాలం పట్టింది.

పత్రికల్లో షార్ట్ సర్క్యూట్ అని రాసి వదిలేశాం. ఏ అగ్నిప్రమాదానికైనా తగిలించే పేరు అది, దాని వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. బ్యాటరీ అంటే ఇన్వర్టర్‌కు పెట్టుకునేది అనుకునేవాళ్లకు చెప్పవలసింది ఒకటుంది. విద్యుత్ కేంద్రంలో బ్యాటరీ బ్యాంకు ఇచ్చే డీసీ కరెంటే రక్షణకు ప్రాణం. లోపం ఎక్కడ వచ్చిందో కనిపెట్టే రిలే దానితోనే పనిచేస్తుంది. బ్రేకర్‌ను విడగొట్టే కాయిల్‌కు బలం దాని నుంచే వస్తుంది. అంతా ఆగిపోయినప్పుడు వెలిగే దీపాలు కూడా చాలాచోట్ల దాని మీదే ఉంటాయి. కేంద్రం వందల మెగావాట్లు పుట్టిస్తున్నా సరే, డీసీ పోయిన క్షణం నుంచి ఆ కేంద్రం కళ్లు లేనిదీ, చేతులు లేనిదీ అవుతుంది. యంత్రం తిరుగుతూనే ఉంటుంది, దాన్ని ఆపమని చెప్పే దారి ఉండదు. అలాంటి పనిని నిండు వరదలో, యూనిట్లు తిరుగుతుండగా చేయవచ్చా అన్న ప్రశ్న, ఖర్చులేని కరెంటు అనే మాట చెల్లినంత కాలం ఎవరికీ గట్టిగా తట్టదు. వరద ఉన్నప్పుడు యంత్రం ఆపితే నష్టం అనే ఒత్తిడి ఒక్కటే అందరికీ కనబడుతుంది.

ఆ నష్టాన్నే లెక్క వేద్దాం, ఎందుకంటే అవతలి వాదనకు ఉన్న ఒకే ఒక్క బలం అది. 110 మెగావాట్ల యూనిట్ రోజంతా నిండుగా తిరిగితే 26 లక్షల 40 వేల యూనిట్ల కరెంటు. యూనిట్‌కు 4 రూపాయలు వేసుకున్నా కోటి రూపాయల పైమాట. 150 మెగావాట్లదైతే 36 లక్షల యూనిట్లు, కోటీ 44 లక్షలు. నిజమే, వరద రోజుల్లో ఒక్క రోజు ఆపినా పెద్ద నష్టం. కానీ రన్నర్ రెక్క పగిలితే, స్టేటర్ కాలితే, బేరింగ్ కరిగితే ఆగేది ఒక్క రోజు కాదు. కొత్త రన్నర్ పోతపోయించి, చెక్కించి, కొండ లోపలికి దించి కూర్చోబెట్టేసరికి ఒక వరద కాలమే దాటిపోవచ్చు. ఆ కాలమంతా ఆ నీరు గేట్ల మీదుగా కిందికి దూకుతుంది. లింగాలగట్టు దగ్గర నిలబడి ఫోటోలు తీసుకునే మనకు అది అందంగా కనబడుతుంది, అందులో పోయిన కరెంటు కనబడదు. ఎండాకాలంలో రెండు నెలలు ఖర్చుపెట్టి ఓవర్‌హాల్ చేయడమే చౌక. ఖర్చులేని కరెంటు అని వాదించేవాళ్లు తమ లెక్కను తామే చివరిదాకా వేస్తే తేలేది ఇదే.

కుడిగట్టు యంత్రాల వయసు కూడా మరిచిపోకూడదు. మొదటిది నాలుగు దశాబ్దాలు దాటింది. జనరేటర్ ఇన్సులేషన్‌కు ఆయుష్షు ఉంటుంది. ఉక్కుకు అలసట ఉంటుంది. ఆ యంత్రం మోతలో తేడా పట్టే చెవి ఉన్న మనుషులు సున్నిపెంటలో పనిచేసి రిటైరవుతున్నారు. అనుభవం రిజిస్టర్లలోకి ఎక్కకుండానే వాళ్లతో పాటు ఇంటికి పోతుంది. యంత్రం వణుకును ఎప్పటికప్పుడు నమోదు చేసే పరికరాలు పెట్టడం మంచిదే. ఏ సంఖ్య చూసి భయపడాలో తెలిసిన మనిషి లేకపోతే ఆ పరికరం గోడ మీద బొమ్మ.

రెండు జెన్‌కోలనూ, రెండు ప్రభుత్వాలనూ అడగవలసినవి పెద్ద కోరికలు కావు. ప్రతి ఏటా మే నెలాఖరుకు, కొత్త నీరు రాకముందే, ఏ యూనిట్‌లో ఏం చూశారు, రన్నర్ మీద ఎంత గుంట పడింది, ఎంత నింపారు, మెగ్గర్ ఎంత చూపించింది, బేరింగ్ ప్యాడ్లు ఎలా ఉన్నాయి అని జనానికి చెప్పాలి. ఆనకట్ట నీటిమట్టం రోజూ పేపర్లో వేస్తున్నప్పుడు, యంత్రం ఆరోగ్యం ఏడాదికొకసారి వేయడానికి అడ్డేమీ లేదు. ఏ మట్టం కింద ఏ యూనిట్‌ను ఎంత లోడు మీద నడపకూడదో ఆ పటాన్ని కృష్ణా బోర్డు ముందు పెట్టి, నీటి వాటాల చర్చలో దాన్ని కూడా ఒక పక్షంగా చూడాలి. రక్షణ వ్యవస్థ మీద పని వరద కాలంలో చేయరాదనీ, తప్పక చేయవలసి వస్తే ముందు యూనిట్లు ఆపాలనీ రాతపూర్వక నియమం ఉండాలి. దాన్ని దాటే అధికారం హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న కార్యాలయానికి ఉండకూడదు, ఆ షిఫ్టులో కొండ లోపల ఉన్న ఇంజనీరుదే ఆఖరి మాట కావాలి. పొగ వస్తే ఎటు పరుగెత్తాలో, ముసుగు ఎక్కడుందో, కాంట్రాక్టు మనిషితో సహా లోపలికి అడుగుపెట్టే ప్రతి ఒక్కరితో చీకట్లో నడిపించి చూపించాలి.

ఈ ఏడాది గేట్లు ఎత్తే రోజున మన ఎమ్మెల్యేలు, మంత్రులు జలహారతికి వస్తారు. ఆనకట్ట మీద నిలబడి పూలు చల్లాక, పక్కనున్న కుడిగట్టు కేంద్రంలోకి దిగి, ఏడు యూనిట్లలో ఎన్ని తిరుగుతున్నాయి, తిరగనిది ఎందుకు తిరగడం లేదు అని వాళ్లను అడిగించే పని నంద్యాల, ఆత్మకూరు, ఆళ్లగడ్డ విలేకరులది.